ఊపిరి ఒకచోట, తిత్తి ఒకచోట

మా బావ రోల్డ్ గోల్డ్ నగలకి రాళ్లు పొదిగే మనిషి. బందరులో చిలకలపూడి వైపు అక్కా బావలది రెండు గదుల డాబా. వెనక రేకుల పంచలో కిటికీ పక్కన ఆయన పీట ఉండేది. సన్నటి పట్టకారుతో ఆవగింజంత రాయిని ఎత్తి దాని చోట్లో కూర్చోబెట్టడం ఆయనకి పని, సరదా, కాస్త పొగరు కూడా. ఒకరోజు పొద్దున కాఫీ తాగి పనికి కూర్చున్న మనిషి చేతిలోంచి ఆ పట్టకారు జారి పడింది. తీసుకోబోతే చెయ్యి కదల్లేదు. అక్కని పిలవబోతే నోరు పక్కకి పోయింది.

ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపించారు. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి తగిలించినట్టు ఒళ్లో పడి ఉండేది. పిల్లల్లేని ఇల్లు. ఆయనకి ఆమె, ఆమెకి ఆయన. అక్క ఏడవలేదు. ఆవిడ ఏడ్చే రకం కాదు, నడుం బిగించే రకం. నేను గుడివాడలో ఒక కాలేజీలో జువాలజీ చెప్తాను. ఆదివారం వచ్చిందంటే పాసింజరెక్కి బందరు వెళ్లి బావ పక్కన కూర్చునేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు. ఆ రోజుల్లో మాత్రం దాన్ని ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు.

అలాంటి ఒక ఆదివారం దివిసీమ నుంచి బావ మేనత్త దిగింది. నాగాయలంక దగ్గర పల్లె ఆవిడది. చేతిలో గోనెపట్టా కట్టిన వెదురుబుట్ట, అందులో ఒక పావురాల జంట.

"పక్షివాతాన్ని పక్షే పట్టుకుపోవాలి," అంది బుట్ట దించుతూ. "పావురం రెక్కల గాలి తగిల్తే పడిపోయిన చెయ్యి లేస్తుంది. మా ఊళ్లో ఎంతమంది లేచి తిరగట్లేదు!"

నా నోరు ఊరుకోదుగా. "అత్తయ్యగారూ, అది పక్షివాతం కాదండీ, పక్షవాతం. పక్షం అంటే పక్క. ఒంట్లో ఒక పక్క పడిపోతుంది కాబట్టి ఆ పేరు," అన్నాను.

"పక్షమంటే రెక్క కూడా కదయ్యా? రెక్కలున్నాయనేగా పక్షి అన్నారు. కాలేజీలో ఈమాత్రం చెప్పరా?" అంది ఆవిడ.

ఆవిడ మాటలో తప్పు లేదు, వైద్యంలోనే ఉంది. ఆ తేడా నేను చెప్పేలోగా అక్క లేచి బుట్ట అందుకుంది. పావురాల గాలి మంచిదన్న నమ్మకం మా వైపు కొత్తదేమీ కాదు. నాలాంటి లెక్చరర్ల ఇళ్లలోనే ముసలివాళ్ల మంచం పక్కన పావురాల గూళ్లు చూశాను. అక్కని నవ్వుతూ ఒక మాట అన్నానే గానీ వద్దని గట్టిగా నేనూ అనలేదు, ఇంకెవరూ అనలేదు. పావురాల వల్ల నష్టమేముందిలే అన్నది అందరి మాట.

పంచలో రేకుల కింద చెక్కపెట్టెలతో గూడు కట్టించింది అక్క. పొద్దునా సాయంత్రం బావని కింద మడతమంచం మీద పడుకోబెట్టి, తను స్టూలెక్కి గూడు తలుపు తీసి, చేటతో అదిలించేది. అవి బెదిరి ఆ చిన్న పంచలోనే టపటపా కొట్టుకుంటూ తిరిగేవి. గాలి బావకి తగిలేది. దుమ్ము అక్కకి తగిలేది. పావురం ఈకలు కొన్ని వాటంతటవే పొడిగా రాలిపోతాయి. ఆ పొడి నీళ్లబకెట్ మీద తెల్లటి పొరలా తేలేది. అదిలింపు అయ్యాక స్టూలు దిగిన అక్క పిండిమిల్లు నుంచి వచ్చినట్టుండేది. కొంగుతో మొహం తుడుచుకుని, చీపురు తీసుకుని రెట్టలు ఊడ్చేది.

ఒక సాయంత్రం పావురం బావ మీదుగా ఎగిరినప్పుడు ఆయన బొటనవేలు కదిలింది. అక్క పెట్టిన కేకకి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఫిజియోథెరపీ చేసే ఆయన అప్పటికి నెలల తరబడి రోజూ మోటారుసైకిలు మీద వచ్చి ఆ చెయ్యి వంచీ చాపీ, వంచీ చాపీ వెళ్తున్నాడు. కాకి వాలిందీ, తాటిపండు పడిందీ అన్నారు పెద్దలు ఇలాంటివాటికే. ఆ మాటే అంటే అక్క, "నీకు పుస్తకంలో ఉంటేనే నిజం," అని కసిరింది. ఫిజియోథెరపీ ఆయన పాపం మంచివాడు. ఆయనా పావురాలకి దణ్ణం పెట్టి వెళ్లాడు.

మాట కాస్త తిరిగాక బావకి ఆ పావురాలంటే పిచ్చి పట్టింది. అప్పటికి పిల్లలు పెట్టి అవి చాలా అయ్యాయి. పొద్దున గూట్లోంచి వదిలితే ఊరంతా చుట్టొచ్చి రేకుల మీద వాలేవి.

"బావా, నేను బాత్రూం దాకా నడిస్తే రొప్పుతున్నాను. ఇవి అంతంత దూరం ఎగిరొచ్చి నోరైనా తెరవట్లేదేంటి?" అని నన్ను అడిగాడు ఒకరోజు. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు.

అడిగితే చెప్పకుండా ఉండలేను. నా ఉద్యోగమే అది. "మన ఊపిరి గిలకలదిండి ఉప్పుటేరు లాంటిది బావా," అన్నాను. "పోటుకి నీళ్లు ఏ నోట్లోంచి లోపలికొస్తాయో పాటుకి ఆ నోట్లోంచే బయటికి పోవాలి. ఎంత పోయినా లోపల పాతనీళ్లు కొన్ని మిగుల్తాయి. మనం పీల్చే ప్రతి కొత్తగాలిలోనూ పాతగాలి కలుస్తుంది. పక్షిది అలా కాదు. మన చేలకి నీళ్లు పెట్టినట్టు. ఇటు పంటబోదె, అటు మురుగుకాలువ. ఇటు ఎక్కిన నీళ్లు అటు దిగడమే, వెనక్కి రావు."

బావకి అర్థమైంది. ఆయన చిన్నప్పుడు గూడూరు దగ్గర చేలల్లో తిరిగినవాడే. "మరి లోపలికీ బయటికీ ముక్కు ఒకటేగా?" అన్నాడు.

మంచి ప్రశ్న. నా క్లాసులో ఎవరూ అడగలేదు. "ఊపిరితిత్తి అనే మాట మనుషుల్ని చూసి పెట్టారు," అన్నాను. "మనకి ఊపిరీ తిత్తీ ఒకటే. పక్షికి ఊపిరి ఒకచోట, తిత్తి ఒకచోట. దాని ఊపిరితిత్తులు చిన్నవి. పక్కటెముకలకి అతుక్కుని బిగిసి ఉంటాయి. ఉబ్బవు, తగ్గవు. ఉబ్బేవి వేరే ఉన్నాయి, పల్చటి గాలితిత్తులు, మెడ దగ్గర్నుంచి పొట్ట దాకా తొమ్మిది. పీల్చిన గాలి చాలామటుకు మొదట వెనకవైపు తిత్తుల్లోకి పోతుంది. ఊపిరి వదిలినప్పుడు అది బయటికి రాదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అక్కడ రెండువైపులా తెరిచి ఉన్న సన్నటి గొట్టాల్లోంచి పారుతూ రక్తానికి ప్రాణవాయువు ఇస్తుంది. మళ్లీ పీల్చినప్పుడు ముందువైపు తిత్తుల్లోకి జరుగుతుంది. మళ్లీ వదిలినప్పుడు బయటికి. ఒక గుక్క గాలికి రెండు ఊపిర్ల ప్రయాణం. పీల్చినా వదిలినా ఊపిరితిత్తిలో మంచిగాలి పారుతూనే ఉంటుంది. పైగా దారిలో ఎక్కడా తూముతలుపులు లేవు. గొట్టాలు చీలిన తీరే గాలిని దారిలో పెడుతుంది."

వంటింట్లోంచి అక్క తొంగిచూసింది. "కోడిని కోసినప్పుడు పేగుల మీద ఉల్లిపొరలాంటిది బుడగలా కనిపిస్తుందే, అదేనా?"

"అదే."

"ఇన్నేళ్లూ చెత్తనుకుని తీసి పారేస్తున్నాను," అని అక్క నవ్వింది. నవ్వుతూనే రెండుసార్లు దగ్గింది. రెక్క మొదటి ఎముకని ఎంత జుర్రినా మూలుగ రాదనీ, అందులోకి కూడా గాలితిత్తి పాకి ఉంటుందనీ నేను చెప్తుంటే, ఆ దగ్గుని నేనూ బావా ఇద్దరం పట్టించుకోలేదు.

ఫిజియోథెరపీ ఆయన నొక్కమని ఒక రబ్బరు బంతి ఇచ్చి వెళ్లాడు. బావ దాన్ని మంచం కింద పడేసి పావురాన్ని పట్టుకునేవాడు. వెచ్చగా ఉంటుందిట. ఒకరోజు ఆయన వేళ్లు బిగుసుకుని పావురం తల వాల్చబోయింది. నేను లాక్కున్నాను. "మనకి రొమ్ముకీ పొట్టకీ మధ్య ఒక కండపొర ఉంది బావా, అది కిందకీ పైకీ ఆడి గాలి లాగుతుంది. దీనికి అది లేదు. రొమ్మెముక లేచి దిగితేనే దానికి ఊపిరి. రొమ్ము బిగించి పట్టుకుంటే ముక్కు తెరిచి ఉన్నా చచ్చిపోతుంది," అన్నాను. ఆయన ఆ రోజంతా దాని తల నిమురుతూ కూర్చున్నాడు.

వానాకాలం వెళ్లేసరికి బావ మళ్లీ పట్టకారు పట్టాడు. అక్కకి దగ్గు ముదిరింది. పొడిదగ్గు. పోర్టు పనుల లారీల దుమ్మన్నారు, మంచు అన్నారు, పడిశమన్నారు. మిరియాల కషాయం, తమలపాకు, మందులషాపు సిరప్పు, అన్నీ అయ్యాయి. బక్కచిక్కింది. డాబా మెట్లెక్కడం మానేసింది. ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో ఆగితే సిగ్నల్ పోయిందనుకుని నేను "హలో, హలో" అనేవాణ్ణి. సిగ్నల్ బాగానే ఉండేది.

విజయవాడలో ఊపిరితిత్తుల డాక్టరు స్కాన్ ఫిల్మును వెలుగుకి పట్టి చూసి మొదట అడిగిన మాట, "ఇంట్లో పావురాలు పెంచుతారామ్మా?" అని.

అక్క గర్వంగా అవునంది. మా ఆయన చెయ్యి వాటి వల్లే వచ్చిందండీ అని మొత్తం చెప్పింది. ఆయన ఆపకుండా విన్నాడు. తర్వాత నాకు ఫిల్ములో చూపించాడు. అడుగుభాగమంతా తేనెపట్టులా గూళ్లు పడి ఉంది. పావురాల ఈకల పొడీ రెట్టల దుమ్మూ కొంతమంది ఒంటికి పడవట. అందరికీ ఇలా కాదట, అదే గాలి పీల్చిన బావకి ఏమీ కాలేదు. పడనివాళ్ల ఊపిరితిత్తులు లోపల్లోపల పుండై మాని, మానిన చోటల్లా గట్టిపడిపోతాయి. గట్టిపడిన చోట ఇక గాలి చొరదు. "పోయింది తిరిగి రాదండీ. మిగిలింది నిలబెట్టుకోవాలంటే ఇవాళే ఆ పావురాల్ని తీసెయ్యాలి," అన్నాడు.

కారులో బందరు బయల్దేరాం. దారంతా నా తలలో నా పాఠమే తిరిగింది. ఉబ్బకుండా తగ్గకుండా బిగిసి ఉన్న ఊపిరితిత్తి పక్షికి బలం, ఎందుకంటే దానికి తిత్తులు వేరే ఉన్నాయి. మా అక్కకి వేరే ఏమీ లేవు. పక్షి ఊపిరి గురించి ఇన్నేళ్లుగా బోర్డు నిండా బొమ్మలేసి చెప్తున్నవాణ్ణి, అదే పక్షి మనిషి ఊపిరిని ఏం చెయ్యగలదో ఆ డాక్టరు నోట వినాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, మొహం కిటికీ వైపు తిప్పుకుని.

ఇంటికొచ్చాక అక్క ఒక్కటే మాట అంది. "పావురాలు పోతే ఆయన చెయ్యి పడిపోతుంది."

"పడిపోదక్కా. నీ ఊపిరి పోతుంది," అన్నాను.

"నా ఊపిరి ఎటూ పోయిందన్నాడుగా. ఆ చెయ్యన్నా ఉండనీ."

బావ గోడకి ఆనుకుని వింటున్నాడు. అరిచాను, బతిమాలాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి బావే ఒక ఉపాయం చెప్పాడు. పావురాల్ని వచ్చినచోటికే, మేనత్త ఇంటికి పంపిద్దాం, కావాలంటే తనే అప్పుడప్పుడూ వెళ్లి ఆ గాలికి కూర్చుంటాడు అని. అక్క దానికి ఒప్పుకుంది.

నేనూ బావా రెండు బుట్టలతో దివిసీమ బస్సెక్కాం. పులిగడ్డ దగ్గర ఏటిపాయ దాటుతుంటే బుట్టల్లో అవి గుర్రుగుర్రుమన్నాయి. మేనత్త సంగతంతా విని మొహం చిన్నబుచ్చుకుంది. నమ్మిందో లేదో తెలీదు. "మూసి ఉంచితే ఉసురు తగుల్తుంది," అంటూ మేం మజ్జిగ తాగుతుండగానే బుట్టల మూతలు తీసేసింది. అవి రివ్వున లేచి, ఒక చుట్టు తిరిగి, ఈశాన్యానికి సాగిపోయాయి. మేము రెండు బస్సులు మారి సాయంత్రానికి బందరు చేరేసరికి అన్నీ రేకుల మీద వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ రొప్పట్లేదు. అక్క కింద నిలబడి నూకలు చల్లుతోంది.

"చూశావా, ఆయన కోసం వచ్చేశాయి," అంది. ఆ రెండు మాటలకీ మధ్య దగ్గింది. ఆవిడ మొహంలో సంతోషం చూస్తే నాకు ఒళ్లు మండింది. బావ లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాతి వారం డాక్టరు పరీక్షల వంకతో అక్కని గుడివాడ మా ఇంటికి తీసుకెళ్లి కొన్నాళ్లు ఉంచుకున్నాను. తిరిగి దిగబెట్టడానికి వెళ్లేసరికి పంచలో గూడు లేదు. గోడలకి కొత్త సున్నం, నేలంతా ఫినాయిల్ వాసన. రేపల్లె నుంచి ఎవరో వచ్చి మొత్తం కొనుక్కుపోయారని బావ అక్కతో చెప్పాడు. పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే నా పక్కకొచ్చి అసలు సంగతి చెప్పాడు.

"కోయిద్దామనుకున్నాను. మనసొప్పలేదు బావా. నువ్వే చెప్పావుగా, రొమ్మెముక ఆడకపోతే ఊపిరాడదని." తన కుడిచేతిని తనే చూసుకున్నాడు. "పట్టు బాగా వచ్చింది. ఒక్కటీ జారలేదు."

నేను ఆ చేతి వైపు చూడలేకపోయాను. గట్టిగా పట్టుకుని ఏడుద్దామనిపించింది గానీ లోపల అక్క ఉంది.

అక్క మొదట్లో దిగులు పడలేదు. "రేపల్లె ఎంత దూరం, మధ్యాహ్నానికి వచ్చేస్తాయి," అని పెరట్లో కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తూ కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. ఎక్కడ వదిలినా ఇల్లు చేరే పక్షులు రాలేదంటే అర్థమేమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. కొన్నాళ్లకి కుర్చీ లోపల వేయించుకుంది. బావని ఒక్క ప్రశ్నా అడగలేదు. ఈలోగా గాలి మిషను ఇంటికొచ్చింది. ముక్కుకి గొట్టం, రోజంతా గుయ్యిమని ఆ మోత.

రోజూ పొద్దున లేవగానే, "చెయ్యి తిప్పండి," అనేది. బావ తిప్పేవాడు. పిడికిలి బిగించి విప్పేవాడు. సూదిలో దారం ఎక్కించి చూపించేవాడు. "చూడు, ఏమీ కాలేదు. నువ్వు అనవసరంగా బెంగ పెట్టుకున్నావు," అనేవాడు. ఆవిడకి ధైర్యం చెప్తున్నాననుకున్నాడు పాపం. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక ఆదివారం నేను మంచం పక్కన బత్తాయి వలుస్తుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"పావురాలు పోయి ఇన్నాళ్లయింది... చెయ్యి బాగానే ఉందిగా."

"బాగానే ఉందక్కా."

"అంటే వాటితో... పన్లేదన్నమాట." కాసేపు గాలి తీసుకుంది. "మరి నేను అదంతా... దేనికి పీల్చానురా?"

నేను జువాలజీలో పీజీ చేసినవాణ్ణి. బత్తాయి తొనకి పీచు తీస్తూ కూర్చున్నాను. గుమ్మంలో బావ కాఫీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో తెలీదు. ఆ రోజు నుంచి అక్క మందులు వద్దంది. అన్నం వద్దంది. గొట్టం తీసి పక్కన పెడితే బావ మళ్లీ పెట్టేవాడు.

మరుసటి ఆదివారం స్టేషన్ నుంచి నడిచొస్తుంటే వీధి చివర ఒక నగల మేస్త్రీ కొట్లో బావ కనిపించాడు. దీపం కింద వంగి, కుడిచేత్తో పట్టకారు పట్టుకుని రాయి కూర్చోబెడుతున్నాడు. ఇంట్లో పీట ఉండగా ఇక్కడెందుకా అనుకున్నాను. పిలిస్తే పని చెడుతుందని పిలవకుండా వచ్చేశాను. ఇంట్లో అక్క, "పీట ఎత్తేశారురా. చెయ్యి... మళ్లీ బరువెక్కుతోందిట," అంది. అంటుండగానే బావ వచ్చాడు. నన్ను చూసి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చాడు. మంచం దాకా వచ్చేసరికి కుడిచేతిలోంచి గ్లాసు జారింది. స్టీలు గ్లాసు మోగుతూ దొర్లింది, నీళ్లు నా కాళ్ల దాకా వచ్చాయి. బావ ఆ చెయ్యి అలాగే వేలాడేసి నిలబడ్డాడు. ఒక్కసారి నా కళ్లలోకి చూసి, చూపు దించేసుకున్నాడు.

"చూశావట్రా," అంది అక్క. దిండు మీంచి లేవబోయింది. "అవి ఉన్నన్నాళ్లూ... బాగుందా లేదా? నేను చెప్తే... నవ్వావు." నన్ను కసిరే ఓపిక ఆవిడకి చాలా రోజుల తర్వాత వచ్చింది.

"అవునక్కా," అన్నాను. "నీ పావురాల వల్లే లేచింది ఆ చెయ్యి. నువ్వు చెప్పిందే నిజం."

ఆ పూట అక్క అన్నం అడిగింది. కంచం దగ్గరికి ఎడంచెయ్యి వస్తే ఊరంతా వినపడేలా తిట్టే మనిషి. బావ ఎడంచేత్తో పప్పన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ ఒక్క మాట అనకుండా, మధ్యమధ్యలో గాలి తీసుకుంటూ, అన్నమంతా తింది.